అమ్మకాలు నాలుగింతలు, గల్లాపెట్టె ఖాళీ
వ్యాపారం: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచే. సరుకులు వేరు, ఊళ్లు వేరు, బాధ మాత్రం ఒకటే: మొదటి రెండు మూడేళ్లు వ్యాపారం దూసుకుపోయింది, ఇప్పుడు ఊపిరాడటం లేదు. జీడిపప్పు ఉత్తరానికి జవాబు బాగా పొడుగైంది. అందులోని లెక్క మిగతా వాళ్లకూ పనికొస్తుందని కోయలేదు.

ప్రశ్న: పలాస దగ్గర మాకు జీడిపప్పు పరిశ్రమ ఉంది. నాలుగేళ్ల కిందట రోజుకు 5 బస్తాల పిక్కలు ఆడేవాళ్లం, ఇప్పుడు 20 బస్తాలు. సరుకు బాగులేదని ఎవరూ అనలేదు, ఆర్డర్లకు కొదవ లేదు. బ్యాంకులో కోటి రూపాయల లిమిట్ ఉంది. చాలనిది బయట రెండు రూపాయల వడ్డీకి తెచ్చాం. అయినా శనివారం వస్తే కూలీల డబ్బుకి వెతుక్కుంటున్నాం. ఇంకో 10 బస్తాల మిషను పెడితే గట్టెక్కుతామని మా అబ్బాయి అంటున్నాడు. పెట్టమంటారా?
ఒక పాఠకుడు, పలాస

జవాబు: మిషను సంగతి చివర్న చెప్తాం. ముందు మీ డబ్బు ఎన్ని రోజులు ఇరుక్కుంటోందో చూద్దాం. పిక్కల ధర రోజూ మారుతుంది కాబట్టి లెక్క సాగడానికి కొన్ని అంకెలు అనుకుందాం. 80 కిలోల బస్తా 12,000 రూపాయలు. బస్తాకు 20 కిలోల పప్పు. గుళ్లు, బద్దలు, ముక్కలు అన్నీ కలిపి కిలోకు సగటున 720 వస్తోంది. ఆడింపు ఖర్చు కిలో పప్పుకు 75. వీటి స్థానంలో మీ అంకెలు వేసుకుని ఇదే వరసలో చేసుకోండి.

రోజుకు 20 బస్తాలు, నెలకు 25 పనిరోజులు. అంటే 500 బస్తాలు, 10,000 కిలోల పప్పు, 72 లక్షల అమ్మకం. పిక్కలకు 60 లక్షలు, ఆడింపుకు ఏడున్నర లక్షలు పోతే నాలుగున్నర లక్షలు మిగలాలి. మీ అకౌంటెంటు చూపించే లాభం ఇదే. అందులో తప్పు లేదు, కానీ అది చేతికొచ్చిన డబ్బు కాదు.

ఇప్పుడు రోజులు లెక్కపెట్టండి. పిక్కలు కొన్న దగ్గర్నుంచి ఆడించేదాకా గోదాములో సగటున 60 రోజులు. ఉడికించి, కోసి, ఆరబెట్టి, పొట్టు తీసి, గ్రేడు చేసి, డబ్బాల్లో పెట్టి లారీ ఎక్కించేసరికి 15 రోజులు. పార్టీ డబ్బు పంపేసరికి 45 రోజులు. మొత్తం 120. పిక్కల వ్యాపారి మీకు ఇచ్చే అరువు 10 రోజులు తీసేస్తే 110. పిక్కలకూ ఆడింపుకూ కలిపి నెలకు 67 లక్షల 50 వేలు, 30 రోజులకు పంచితే మీ ఖర్చు రోజుకు రెండుంపావు లక్షలు. 110 రోజులకు 2 కోట్ల 47 లక్షల 50 వేలు. ఇంత డబ్బు ఎప్పుడూ పిక్కల రూపంలోనో, పప్పు రూపంలోనో, పార్టీల ఖాతాల్లోనో ఉండాల్సిందే.

నాలుగేళ్ల కిందట ఇది ఎంత ఉండేదో చూస్తే అసలు సంగతి తెలుస్తుంది. అప్పుడు గోదాములో 45 రోజులు, పనిలో 15, మీరిచ్చే అరువు 15, మీకు దొరికే అరువు 10. నికరంగా 65 రోజులు. ఖర్చు రోజుకు 56 వేలు. ఇరుక్కున్నది దాదాపు 36 లక్షల 50 వేలు. అంటే అమ్మకం నాలుగింతలైతే ఇరుక్కున్న డబ్బు దాదాపు ఏడింతలైంది. కొత్త పార్టీలను పట్టుకోవడానికి మీరిచ్చిన అరువూ, సీజన్‌లో ధర పెరుగుతుందేమోనని ముందే నింపిన గోదామూ కలిసి చేసిన పని ఇది.

వడ్డీ చూడండి. బ్యాంకు కోటి మీద 11 శాతం అనుకుంటే నెలకు 92 వేలు. మిగతా 1 కోటి 47 లక్షల 50 వేలూ బయటివే అనుకుంటే రెండు రూపాయల చొప్పున 2 లక్షల 95 వేలు. రెండూ కలిపి 3 లక్షల 87 వేలు. నాలుగున్నర లక్షల్లో మీకు మిగిలింది 63 వేలు. అందులోనే బ్యాంకు టర్మ్ లోను వాయిదా, ఇంటి ఖర్చు, పిల్లల ఫీజులు. శనివారం డబ్బు ఎందుకు కనపడటం లేదో ఇక వేరే చెప్పక్కర్లేదు.

ముందు చేయాల్సింది అరువు తగ్గించడం. పార్టీలన్నిటినీ ఒకేసారి బెదిరించవద్దు. వరసగా రాసి, ఒక్కొక్కరు నిజంగా ఎన్ని రోజులకు ఇస్తున్నారో పక్కన వేయండి. ఒప్పుకున్న గడువు కాదు, డబ్బు పడిన తేదీ. పది పార్టీలుంటే రెండు మూడు మాత్రమే సగటును పాడుచేస్తుంటాయి. వాళ్లకు ముందటి లోడు డబ్బు పడితేనే తర్వాతి లోడు అన్న పద్ధతి పెట్టండి. మిగతావాళ్లకు వారంలో కడితే కిలోకు 5 రూపాయల తగ్గింపు ఇవ్వండి. 720 మీద 5 రూపాయలంటే 0.7 శాతం. రెండు రూపాయల వడ్డీలో అది పది, పదకొండు రోజుల ఖరీదు. 45 రోజుల పార్టీ 7 రోజులకు వస్తే మీకు మిగిలేది 38 రోజులు. సగటు అరువు 45 నుంచి 25కి దిగినా 45 లక్షలు బయటపడతాయి, నెలకు 90 వేల వడ్డీ తప్పుతుంది. ఏ మిషనూ ఇంత సంపాదించి పెట్టదు.

రెండోది పిక్కల కొనుగోలు. ఉద్దానంలో పిక్క మార్చి నుంచి జూన్ మొదటిదాకా వస్తుంది. ఆ రద్దీలో పచ్చిపిక్క ఎక్కువ కొనేస్తారు. 14 శాతం తేమతో కొన్న 80 కిలోల బస్తా 8 శాతానికి ఆరితే 75 కిలోలకు కొంచెం తక్కువే ఉంటుంది. 5 కిలోల పైన నీళ్లకు డబ్బిచ్చినట్టు. బస్తాకు దాదాపు 780 రూపాయలు. సీజన్‌లో 2,500 బస్తాలు ఇలా కొంటే 19 లక్షల 50 వేలు. తేమ చూసే మీటరు లేకుండా ఇన్ని బస్తాలు కొనడం మాకు అర్థం కాని ధైర్యం.

తేమతో పాటు కోత పరీక్ష కూడా చేయాలి. పది బస్తాలకు ఒకటి చొప్పున వేర్వేరు చోట్ల నుంచి గుప్పెళ్లు తీసి, కలిపి, కిలో తూచండి. ఆ కిలోలో పిక్కలెన్నో లెక్కపెట్టండి. అన్నీ కోసి మంచి పప్పు ఒక కుప్ప, మచ్చపప్పు ఒక కుప్ప, పుచ్చులు ఒక కుప్ప పెట్టండి. మంచి పప్పు గ్రాములకు మచ్చపప్పులో సగం కలిపి 0.176తో గుణిస్తే బస్తాకు ఎన్ని పౌన్లో వస్తుంది. 275 గ్రాములైతే 48 పౌన్ల పైన, అంటే పొట్టుతో 22 కిలోలు. పొట్టూ తేమా పోగా 20 కిలోల దగ్గర తేలుతుంది. 46 పౌన్ల సరుకుకు 48 పౌన్ల ధర పెడితే బస్తాకు ఒక కిలో పప్పు దాకా కొనేటప్పుడే పోయినట్టు.

మొత్తం సీజన్‌లోనే కొనాలన్న పట్టుదల కూడా వద్దు. పశ్చిమ ఆఫ్రికా పంట మన పంటతో దాదాపు ఒకేసారి వచ్చినా టాంజానియా, మొజాంబిక్‌లలో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పంట. ఆ సరుకు మనకు గోదాములు అడుగంటే రోజుల్లో అందుతుంది. సగం అవసరం సీజన్‌లో, మిగతాది లాట్లుగా కొంటే గోదాము రోజులు 60 నుంచి 45కి దిగుతాయి.

ఇంకో చిల్లు ఉంది, దాన్ని ఎవరూ వడ్డీలో కలపరు. రైతు దగ్గర నేరుగా పిక్కలు కొంటే జీఎస్టీ మీరే కట్టాలి. దాన్నే రివర్స్ ఛార్జ్ అంటారు. 5 శాతం. ఇది నగదుగానే కట్టాలి, ఖాతాలో ఉన్న క్రెడిట్‌తో సర్దడానికి వీల్లేదు. తర్వాత ఆ మొత్తం క్రెడిట్‌గా వస్తుంది గానీ, పప్పు అమ్మినప్పుడే అది తీరుతుంది. సీజన్‌లో 3 కోట్ల పిక్కలు రైతుల దగ్గర కొంటే 15 లక్షలు నెలల తరబడి ప్రభుత్వం దగ్గర ఉంటాయి. మే నెల డబ్బు లెక్కలో ఈ 15 లక్షలు రాసుకున్నారా?

పని దగ్గర ఏం మారిందో కూడా చూడండి. 5 బస్తాల రోజుల్లో ఆవిరిపట్టిన పిక్కను రాత్రంతా, ఒక్కోసారి 24 గంటలు ఆరనిచ్చి కోసేవారు. 20 బస్తాలకు అదే ఆరుబయలు, అవే ట్రేలు అయితే ఎనిమిది పది గంటలకే కోతకు పంపక తప్పదు. పెంకు గట్టిపడదు, బ్లేడు పప్పులోకి దిగుతుంది, గుళ్లు బద్దలవుతాయి. పిక్కలను సైజులవారీగా వేరుచేయకుండా ఒకే సెట్టింగులో కోసినా అంతే. బోర్మాలో, అంటే పప్పు ఆరబెట్టే వేడి గదిలో, 60 నుంచి 70 డిగ్రీల మధ్య సమంగా ఆరాల్సింది, తొందరపడి వేడి పెంచితే పప్పు పసుపెక్కి పెళుసవుతుంది. గుళ్ల శాతం 75 నుంచి 68కి పడిపోయిందనుకోండి. నెలకు 700 కిలోలు గుళ్ల ధర నుంచి బద్దల ధరకు జారినట్టు. కిలోకు 100 రూపాయల తేడా అనుకున్నా 70 వేలు. గోడ మీద పలక పెట్టి ప్రతి లాటుకూ మూడు అంకెలు రాయించండి: బస్తాకు పప్పు ఎంత, గుళ్లు ఎంత శాతం, డబ్బాలో పెట్టేటప్పుడు తేమ ఎంత. తేమ 5 శాతం దాటకూడదు. పౌనుకు 320 గింజల రకం అని పంపిన డబ్బాలో 340 తేలితే పార్టీ ఏమీ అనడు, డబ్బు మాత్రం ఆలస్యం చేస్తాడు.

బ్యాంకు మాట. మీ కోటి లిమిట్ టర్నోవరు 5 కోట్లున్నప్పటిది అయి ఉంటుంది. చిన్న యూనిట్లకు రాబోయే ఏడాది అమ్మకంలో 20 శాతం లెక్కన ఇచ్చే పద్ధతిలో 5 కోట్లకు సరిగ్గా కోటి వస్తుంది. ఇప్పుడు మీది ఏడాదికి 8 కోట్ల 64 లక్షలు. గత మూడేళ్ల లెక్కలు, వచ్చే రెండేళ్ల అంచనా, నెలనెలా స్టాకు స్టేట్‌మెంట్లు, జీఎస్టీ రిటర్నులు పట్టుకుని లిమిట్ పెంపునకు వెళ్లండి. ఏప్రిల్ నుంచి ఆగస్టు దాకా ఎక్కువ, మిగతా నెలల్లో తక్కువ ఉండేలా సీజను లిమిట్ అడగండి. స్టాకు స్టేట్‌మెంట్‌లో పాత బాకీలు, డబ్బివ్వని పిక్కలు కలిపేసి చూపించేవాళ్లున్నారు. తనిఖీలో బయటపడితే ఉన్న లిమిట్ కూడా తగ్గుతుంది. బయటి అప్పు 24 శాతం, బ్యాంకుది 11. కోటి రూపాయలు అటు నుంచి ఇటు మారితే నెలకు లక్ష పైన మిగులుతుంది.

బీమా కాగితం ఒకసారి తీయండి. ఫైలిన్ 2013 అక్టోబరు 12, హుద్‌హుద్ 2014 అక్టోబరు 12, తిత్లీ 2018 అక్టోబరు 11. దీపావళి సరుకు గోదాములో నిండి ఉండే రోజులివి. తిత్లీ తీరం దాటింది పలాస దగ్గరే. 5 బస్తాల నాటి పాలసీనే ఏటా రెన్యువల్ చేస్తున్నవాళ్లు చాలామంది. 2 కోట్ల సరుకుకు 80 లక్షల పాలసీ ఉండి 20 లక్షల నష్టం వస్తే, పూర్తి 20 లక్షలు ఇవ్వరు. సరుకులో 40 శాతానికే బీమా ఉంది కాబట్టి నష్టంలోనూ 40 శాతమే, 8 లక్షలే చేతికొస్తాయి. పాలసీలో గాలివాన, వరద కలిసి ఉన్నాయో లేదో కూడా చూసుకోండి.

ఇక మిషను. 10 బస్తాలు పెరిగితే మిగిలేది నెలకు రెండుంపావు లక్షలు. మిషను ధర పక్కన పెట్టినా, 110 రోజుల చక్రానికి కొత్తగా 1 కోటి 23 లక్షల 75 వేలు కావాలి. అది బయటి అప్పే. వడ్డీ 2 లక్షల 47 వేలు. అంటే ఆడించిన ప్రతి అదనపు బస్తా మిమ్మల్ని ఇంకా లోపలికి నెడుతుంది. 110 రోజులు 75కి దిగి, బయటి అప్పు సగమయ్యాక మీ అబ్బాయి మాట మళ్లీ వినండి. అప్పటికి అది మంచి ఆలోచనే కావచ్చు.

ప్రశ్న: భీమాళి వైపు మేము మామిడి తాండ్ర చేస్తాం. మొదట ఊళ్లో అమ్మేదాన్ని, వాట్సాప్‌లో పేరొచ్చి రెండేళ్లలో 150 కిలోల నుంచి 700 కిలోలకు వెళ్లింది. ఈసారి హైదరాబాదు దుకాణం ఒకటి 2 టన్నులు అడుగుతోంది. పోయిన ఏడాది తొందరలో పంపిన సరుకులో కొంత బూజు పట్టి తిరిగొచ్చింది. ఒప్పుకోవాలా?
ఒక పాఠకురాలు, ఎల్.కోట మండలం, విజయనగరం జిల్లా

జవాబు: 2 టన్నులంటే ఏమిటో ముందు కాయల్లో చూడమ్మా. 100 కిలోల రసంలో 18 కిలోల దాకా గట్టి పదార్థం ఉంటుందనుకోండి, 10 కిలోల పంచదార కలిపితే 28. తాండ్రలో 15 శాతం తేమ ఉంచితే 33 కిలోలు వస్తుంది. ఆ లెక్కన 2 టన్నులకు 6 టన్నుల రసం, కాయలో 55 శాతం రసం వస్తే 11 టన్నుల మామిడి. ఇదంతా నెలన్నరలో, రొక్కంతో కొనాలి. దుకాణం మీకు డబ్బిచ్చేది దసరాకో, సంక్రాంతికో.

తర్వాత ఎండ. చదరపు మీటరు చాప మీద పూటకు 3 కిలోల రసం కంటే పోయకూడదు. అది 3 మిల్లీమీటర్ల పొర. రోజుకు ఒక పొర ఆరితే చదరపు మీటరుకు రోజుకు కిలో తాండ్ర. 30 ఎండ రోజులు దొరికితే 2 టన్నులకు 67 చదరపు మీటర్ల చాప కావాలి. మే చివర్న రెండు సాయంత్రాలు ఈదురుగాలి, వాన వచ్చిందా, ఆ లెక్క చెదిరిపోతుంది. చాపలు పెంచకుండా సరుకు పెంచాలనుకున్నప్పుడే రసం మందంగా పోస్తారు. పోయిన ఏడాది మీకు బూజు పట్టడానికి కారణం నూటికి తొంభై పాళ్లు ఇదే. మందపు పొర పైన బిగుస్తుంది, లోపల తడి అలాగే ఉంటుంది, దాని మీద ఇంకో పొర పడగానే ఆ తడికి దారి మూసుకుపోతుంది. కోసినప్పుడు బాగానే కనబడి, ప్యాకెట్టులో ఇరవై రోజులకు బూజు బయటపడుతుంది.

రసాన్ని పోసేముందు 80 నుంచి 85 డిగ్రీల దాకా వేడిచేసి చల్లార్చండి, పులుపెక్కించే సూక్ష్మజీవులు చాలావరకు చస్తాయి. కింది పొర వేలికి అంటనప్పుడే పై పొర. సరుకు కట్టేముందు ఉప్పు పరీక్ష చేయండి: గాలి చొరబడని గాజు సీసాలో తాండ్ర ముక్కలు సగం దాకా వేసి, పైన చిన్న కాగితం పొట్లంలో బాగా వేయించి చల్లార్చిన ఉప్పు తాండ్రకు తగలకుండా పెట్టి, మూత బిగించి ఒక రోజు ఉంచండి. ఉప్పు చెమ్మగిల్లి ముద్దకడితే ఆ చాప సరుకు మళ్లీ ఎండకు పోవాల్సిందే. ఉప్పు పొడిగా ఉన్నంత మాత్రాన పూర్తి భరోసా లేదు, కానీ ముద్దకట్టినదాన్ని మాత్రం పంపొద్దు. ప్రతి చాపకూ ఒక నంబరు వేసి, మొదటి పొర తేదీ, చివరి పొర తేదీ రాసి, అదే నంబరు ప్యాకెట్టు మీద వేయండి. తిరిగొచ్చిన సరుకు ఏ చాపదో తెలిస్తే మిగతా చాపల సరుకును వెనక్కి పిలవక్కర్లేదు.

ఆర్డరు విషయానికొస్తే, 700 నుంచి ఒక్కసారి 2,700కి వెళ్లవద్దు. దుకాణానికి 500, 600 కిలోలు చాలు. కాయ కొనడానికి ఏప్రిల్‌లోనే 40 శాతం బయానా అడగండి. ఇవ్వనంటే ఆ దుకాణం మీ డబ్బుతో వ్యాపారం చేయాలనుకుంటోందని అర్థం. బయట తయారైన గుజ్జు డబ్బాలు తెచ్చి చేయొచ్చా అని మరికొందరు కూడా అడిగారు. చేయొచ్చు, కానీ మీ వాట్సాప్ ఖాతాదారులు కొన్నది మీ కాయ రుచిని. గుజ్జు తాండ్రకు వేరే పేరు, వేరే ధర పెట్టండి.

ప్రశ్న: బొబ్బిలి పారిశ్రామిక వాడలో ఫ్యాబ్రికేషన్ షెడ్డు నడుపుతున్నాను. పనిలో 80 శాతం ఒకే పెద్ద కంపెనీది. మొదట్లో 30 రోజులకు ఇచ్చేవారు, ఇప్పుడు 90. గట్టిగా అడిగితే పని పోతుందని భయం.
ఒక పాఠకుడు, బొబ్బిలి

జవాబు: చట్టం మీ వైపే ఉంది, వాడుకునే తీరులోనే ఉంది కిటుకు. ఉద్యమ్ (చిన్న పరిశ్రమల ప్రభుత్వ నమోదు) ఉన్న సూక్ష్మ, చిన్న యూనిట్లకు, రాతపూర్వక ఒప్పందం ఉంటే గరిష్ఠంగా 45 రోజుల్లో, లేకపోతే 15 రోజుల్లో కొనుగోలుదారు చెల్లించాలి. ఒప్పందంలో 90 రోజులని రాసుకున్నా 45 దాటి చెల్లదు. దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడింతల వడ్డీ, అదీ నెలనెలా చక్రవడ్డీ. 2025 ఏప్రిల్ నుంచి యంత్రాల పెట్టుబడి రెండున్నర కోట్లు, టర్నోవరు 10 కోట్ల లోపుంటే సూక్ష్మ. 25 కోట్లు, 100 కోట్ల లోపుంటే చిన్న యూనిట్. కొని అమ్మే వ్యాపారులకు ఈ రక్షణ వర్తించదు, మీరు తయారీదారు కాబట్టి వర్తిస్తుంది.

ఆలస్యపు బాకీల మీద ప్రభుత్వ పోర్టల్‌లో ఫిర్యాదు చివరి అస్త్రం, వేశాక ఆ కంపెనీ గేటు మళ్లీ తెరుచుకుంటుందని అనుకోకండి. అంతకంటే మెత్తని దారి వాళ్ల అకౌంట్స్ విభాగం గుండా ఉంది. గడువు దాటి మార్చి 31 నాటికి చెల్లించని బిల్లును వాళ్లు ఆ ఏడాది ఖర్చుగా చూపించుకోలేరు, దాని మీద పన్ను కట్టాల్సి వస్తుంది. 2023-24 నుంచి ఈ నిబంధన ఉంది. ప్రతి ఇన్‌వాయిస్ మీదా ఉద్యమ్ నంబరు, గడువు తేదీ అచ్చువేయించండి. జనవరిలో బాకీల పట్టిక మర్యాదగా పంపండి. కొనుగోలు విభాగం పట్టించుకోకపోయినా వాళ్ల ఆడిటర్ పట్టించుకుంటాడు. టర్నోవరు 250 కోట్లు దాటిన కంపెనీ అయితే ట్రెడ్స్ వేదికలో నమోదై ఉండాలి. మీ బిల్లును వాళ్లు అక్కడ ఒప్పుకుంటే బ్యాంకు మీకు వెంటనే డబ్బిచ్చి గడువుకు వాళ్ల దగ్గర వసూలు చేసుకుంటుంది. వాళ్లు ఎగ్గొట్టినా మీ మీదకు రాదు.

80 శాతం మాత్రం ప్రమాదమే. కొత్తగా పట్టే పనిలో మూడో వంతైనా వేరేవాళ్లది ఉండేలా చూడండి, ధర కొంచెం తక్కువైనా సరే.

ప్రశ్న: శ్రీకాకుళం ఏడు రోడ్ల కూడలికి దగ్గర్లో మా టిఫిన్ సెంటర్ బాగా నడిచింది. ఏడాదిలో ఆమదాలవలసలో ఒకటి, విజయనగరంలో ఒకటి తెరిచాం. ఇప్పుడు మూడు చోట్లా రుచి ఒకేలా లేదంటున్నారు, డబ్బు కూడా కనపడటం లేదు.
భార్యాభర్తలు, శ్రీకాకుళం

జవాబు: ఒక్కొక్క బ్రాంచీకి రోజుకు ఎంత అమ్మితే గట్టెక్కుతుందో లెక్క కట్టారా? అద్దె 40 వేలు, జీతాలు లక్షా ఇరవై వేలు, కరెంటూ చిల్లరా 25 వేలు, అప్పు వాయిదా 25 వేలు అనుకుంటే నెలకు 2 లక్షల 10 వేలు. వంద రూపాయల అమ్మకంలో సరుకులకూ గ్యాసుకూ 45 పోతే మిగిలేది 55. రెండు లక్షల పదివేలను 0.55తో భాగిస్తే 3 లక్షల 82 వేలు, రోజుకు 12,700. విజయనగరం బ్రాంచి ఆరు నెలలుగా 9 వేల దగ్గరే ఉంటే నెలకు 60 వేలకు పైగా పాత సెంటర్ భరిస్తోంది. ఇంకో మూడు నెలల గడువు పెట్టుకుని, అప్పటికీ చేరకపోతే మూసేయండి. పరువు తక్కువ ఏమీ లేదు.

రుచి తేడాకు కారణం మీ చేతి కొలత. గరిటెలు, గుప్పెళ్లు మీరున్నంతవరకే పనిచేస్తాయి. మినపగుళ్లు, రవ్వ, ఉప్పు, నానబెట్టే నీళ్లు, రుబ్బేటప్పుడు పోసే నీళ్లు అన్నీ గ్రాముల్లో రాయండి. ఇడ్లీ పిండి 55 గ్రాములు, చట్నీ 50 గ్రాములు, దోసెకు ఒకే కొలత గరిటె. ఆమదాలవలసకు తెల్లవారుజామున పిండి ఆటోలో పంపొచ్చు. విజయనగరానికి పంపితే వేసవిలో దారిలోనే పులిసి పొంగుతుంది, వంటవాడు నీళ్లు కలుపుతాడు, ఇడ్లీ రాయవుతుంది. అక్కడ పిండి అక్కడే రుబ్బించి, సాంబారు పొడి, కారప్పొడి లాంటి పొడిసరుకులు మాత్రం ఒకేచోట చేసి తూచి పంపండి.

డబ్బు ఎటు పోతోందో తెలియాలంటే రాత్రి గల్లా లెక్క ఒక్కటే చాలదు. పిండి కిలోలు లెక్కపెట్టండి. 11 కిలోల పిండికి 200 ఇడ్లీలు రావాలి. బిల్లుల్లో 170 ఉండి, మిగిలినవి పది, పారేసినవి అయిదే అయితే పదిహేను ఇడ్లీల సంగతి ఎవర్నైనా అడగాలి. మొదటి వారం అడిగితే చాలు, రెండో వారం నుంచి లెక్క దానంతటదే దగ్గరపడుతుంది.

ప్రశ్న: మా యూనిట్‌లో మనుషులు 8 నుంచి 19కి పెరిగారు. పీఎఫ్, ఈఎస్ఐ ఎప్పట్నుంచి కట్టాలి? ఒకర్ని తగ్గించి చూపిస్తే నడుస్తుందా?
ఒక పాఠకుడు, రాజాం

జవాబు: పది మంది దగ్గరే ఈఎస్ఐ వచ్చేసింది. నెలకు 21,000 లోపు వేతనం ఉన్నవాళ్లకు మీ వాటా 3.25 శాతం, వాళ్లది 0.75. ఇరవైకి చేరగానే పీఎఫ్. కాంట్రాక్టు మీద వచ్చే కూలీలు కూడా ఈ లెక్కలోకే వస్తారు, కాబట్టి మీరు 19 అనుకుంటున్నది ఇప్పటికే 23 అయి ఉండొచ్చు. తగ్గించి చూపించడం మాత్రం వద్దు. ప్రమాదం జరిగిన రోజున, పేరు లేని ఆ ఒక్కడి ఆసుపత్రి ఖర్చు మొత్తం మీ జేబులోంచే పోతుంది.